తూలు నడకకు బెల్టు, బూటు: కొనేముందు లోపం ఎక్కడుందో తేల్చండి

సంపాదకులు గారికి,

నమస్కారం. పడిపోకుండా కాపాడే బూట్లు, తూలితే హెచ్చరించే బెల్టులు, పార్కిన్సన్స్ ఉన్నవారిని నడిపించే పరికరాలు అంటూ ఈమధ్య వార్తలు, వీడియోలు తరచు వస్తున్నాయి. అవి చూసి పైదేశాల్లో ఉన్న పిల్లలు ఇక్కడి అమ్మానాన్నలకు ఆ వస్తువులు కొని పంపుతున్నారు. చాలా ఇళ్లలో అవి కొన్నాళ్లకే బీరువా ఎక్కుతున్నాయి. పరికరం చెడిపోయి కాదు, ఆ మనిషి జబ్బుకూ ఆ పరికరానికీ పొత్తు కుదరక. నడక శిక్షణ ఇచ్చేవాళ్లం, ఈ రకం పరికరాలు తయారుచేసేవాళ్లం కలిసి రాస్తున్న ఈ ఉత్తరాన్ని పాఠకుల ముందు పెట్టమని కోరుతున్నాం.

ముందుగా చెప్పాల్సింది ఒకటుంది. ఈ పరికరాల్లో ఏదీ మనిషిని పట్టుకుని ఆపదు. ఒంట్లో ఒకచోట నుంచి మెదడుకు అందాల్సిన సమాచారం అందనప్పుడు దాన్ని ఇంకోచోట నుంచి అందిస్తుంది, అంతే. కాబట్టి ఏ సమాచారం అందడం లేదో తెలియకుండా పరికరం కొనడమంటే నంబరు చూడకుండా కళ్లజోడు కొనడమే.

మనం నిలబడి ఉన్నామా, ఒరుగుతున్నామా అన్నది మెదడుకు మూడు దారుల్లో తెలుస్తుంది. కళ్లు ఒకటి. లోపలి చెవిలోని అర్ధచంద్రాకార నాళాలు, వాటి పక్కనున్న సంచులు రెండు. అరికాలి చర్మం, చీలమండ కీళ్లు, కండరాల నుంచి వచ్చే స్పర్శ మూడు. వీటిలో ఒకటి పోయినా మిగతా రెండూ నెట్టుకొస్తాయి. రెండోదానికి కూడా అడ్డు పడినప్పుడే మనిషి కూలతాడు. అందుకే షుగర్ వల్ల కాళ్లు మొద్దుబారినవారు పగలు బాగానే తిరిగి, కరెంటు పోగానే తూలిపోతారు. మొహం కడుక్కోవడానికి కళ్లు మూసి వంగగానే వాష్‌బేసిన్ మీదికి ఒరిగిపోతారు. తలస్నానంలో సబ్బు నురగకు కళ్లు మూసుకున్నప్పుడూ అంతే. కాలి చెప్పు ఊడిపోయినా తెలియకుండా నాలుగడుగులు వేసేస్తారు. ‘దూది మీద నడుస్తున్నట్టు ఉంది’ అని వారు చెప్పే మాట ఏ స్కానింగుకూ తీసిపోదు.

లోపలి చెవి రెండువైపులా దెబ్బతిన్నవారి బాధ వేరు. జెంటామైసిన్, స్ట్రెప్టోమైసిన్, అమికాసిన్ లాంటి ఇంజెక్షన్లు ఎక్కువ రోజులు వాడినప్పుడు, ముఖ్యంగా మూత్రపిండాలు బలహీనంగా ఉన్నవారిలో, ఈ నష్టం జరగవచ్చు. వీరికి నడుస్తుంటే ఎదుటి బోర్డు మీది అక్షరాలు ఎగిరెగిరి పడతాయి. నిలబడి చూస్తే నిలుస్తాయి. గట్టి నేల మీద ఫరవాలేదు, ఇసుకలోనో దుక్కిలోనో అడుగుపెడితే చీకట్లో నిలవలేరు. పార్కిన్సన్స్‌లో ఈ మూడు దారులూ చాలావరకు పనిచేస్తూనే ఉంటాయి. అడుగు తీయమనే ఆజ్ఞ లోపల నుంచి సరిగా పుట్టదు. ముగ్గురూ తూలుతున్నట్టే కనిపిస్తారు, ముగ్గురికీ ఒకే వస్తువు పనికిరాదు.

తేడా తేల్చడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. పది గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ పోగు (మోనోఫిలమెంట్ అంటారు), 128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్క్ (మీటితే కంపించే లోహపు పనిముట్టు), గట్టి ఫోమ్ దిండు, స్టాప్‌వాచ్ చాలు. పోగును బొటనవేలి కింద, వేళ్ల మొదళ్లలో మూడుచోట్ల, కాయ కట్టిన చోటు వదిలేసి, వంగేంతవరకు ఒక సెకను నొక్కాలి. ఆ మనిషి కళ్లు మూసుకుని ‘తగిలింది’ అని చెప్పాలి. ఫోర్కును మీటి బొటనవేలి ఎముక మీద పెట్టాలి. అక్కడ తెలియకపోతే చీలమండ గుబ్బ మీద, అక్కడా తెలియకపోతే మోకాలి కింది ఎముక మీద. ఎంత ఎత్తు నుంచి కంపనం తెలుస్తోందో రాసుకోవాలి, ఈ సంగతి తర్వాత అవసరమవుతుంది. ఆపైన పాదాలు దగ్గరగా పెట్టించి 30 సెకన్లు కళ్లు తెరిచి, 30 సెకన్లు కళ్లు మూసి నిలబెట్టాలి. తర్వాత ఇదే ఫోమ్ మీద. గట్టి నేల మీద కళ్లు మూయగానే తూలితే ముందుగా కాళ్ల స్పర్శను అనుమానించాలి. నేల మీద నిలబడగలిగి, ఫోమ్ మీద కళ్లు మూసిన వెంటనే పడిపోతుంటే లోపలి చెవిని అనుమానించాలి. ఫోమ్ పరీక్ష ఇంట్లో చేయవద్దు. పక్కన, వెనక ఇద్దరు పట్టుకునేవాళ్లు ఉండాలి.

ఇంకో మాట. తూలుడుకు మందుతోనే నయమయ్యే కారణాలు కొన్ని ఉన్నాయి. వాటిని దాటేసి పరికరానికి పోవడం నష్టం. విటమిన్ బి12 తగ్గితే కాళ్ల స్పర్శ, వెన్నుపాములోని తంతులు రెండూ దెబ్బతింటాయి. పూర్తి శాకాహారులు, ఏళ్ల తరబడి షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ వాడుతున్నవారు ఈ రక్తపరీక్ష తప్పక చేయించుకోవాలి. ఆలస్యమైతే పోయిన స్పర్శ పూర్తిగా తిరిగిరాదు. మంచం మీద పక్కకు తిరిగితే గిర్రున తిరిగే తల, చాలాసార్లు లోపలి చెవిలో చోటు తప్పిన కణాల పని. తలను ఒక వరుసలో తిప్పించే ఎప్లీ పద్ధతితో కొన్ని నిమిషాల్లోనే సర్దుకోవచ్చు. పడుకున్నప్పుడు, లేచి నిలబడిన ఒకటో నిమిషంలో, మూడో నిమిషంలో బీపీ చూసి పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ తగ్గితే అది రక్తపోటు సమస్య. దానికి బెల్టు ఏం చేస్తుంది?

ఇక పరికరాల సంగతి. ఒక ఇంద్రియం చేసే పనిని ఇంకో ఇంద్రియంతో చేయించవచ్చన్న ఆలోచన కొత్తది కాదు. అమెరికా శాస్త్రవేత్త పాల్ బాక్-ఇ-రీటా 1969లోనే అంధుల వీపు మీద కంపనాలతో బొమ్మను ‘చూపించే’ కుర్చీని ప్రకటించారు. తర్వాత విస్కాన్సిన్‌లో ఆయన బృందం తల వంపును నాలుక మీద చిన్న విద్యుత్ చురుకులుగా తెలిపే పరికరాన్ని లోపలి చెవి పోయినవారి మీద ప్రయత్నించింది. నాలుక మీద పలక పెట్టుకుని మాట్లాడలేం, తినలేం. అందుకే రోజువారీ వాడకానికి నడుము బెల్టు ముందుకొచ్చింది. నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్‌లో రెండు చెవుల బాలెన్స్ పోయినవారికోసం రూపొందిన బెల్టులో నడుము చుట్టూ 12 కంపన మోటార్లు ఉంటాయి. ఒంటి వంపును కొలిచే సెన్సర్ ఎటు ఒరిగితే అటువైపు మోటారును మోగిస్తుంది.

కాళ్ల స్పర్శ పోయినవారి పరికరం వేరు. అమెరికాలో మిన్నెసోటాకు చెందిన ఆర్‌ఎక్స్ ఫంక్షన్ చేసిన వాకసిన్స్‌లో బూటు లోపల పల్చటి ఒత్తిడి పలక ఉంటుంది. బరువు మడమ మీద పడిందా, వేళ్ల మీదా, లోపలి అంచు మీదా, బయటి అంచు మీదా అన్నది అది చూసి, చీలమండకు పైన కట్టిన పట్టీలోని నాలుగు మోటార్లలో తగినదాన్ని కంపింపజేస్తుంది. అరికాలు చెప్పాల్సిన మాటను కాలి పైభాగం చెబుతుందన్నమాట. మరి ఆ పైభాగం మొద్దుబారితే? షుగర్ తిమ్మిరి వేళ్ల నుంచి పైకి పాకుతుంది. ఇందాక ట్యూనింగ్ ఫోర్కుతో రాసుకున్న ఎత్తు ఇక్కడ పనికొస్తుంది. స్పర్శ చక్కగా తెలిసే చోటికే మోటార్లు చేరాలి. పిక్క దగ్గర కూడా తెలియకపోతే తొడకో నడుముకో మార్చాలి. ఈ పరీక్ష లేకుండా పట్టీ కట్టించుకున్నవారు ‘ఏమీ తెలియడం లేదు’ అని తీసి పక్కన పెడితే తప్పు వారిది కాదు.

మూడో రకం, బూటు లోపల పరిచే అట్టలు. ఇవి చర్మానికి తెలియనంత సన్నగా, ఒక పద్ధతి లేకుండా కంపిస్తాయి. బోస్టన్‌లో జేమ్స్ కాలిన్స్ బృందం 2003లో లాన్సెట్ పత్రికలో దీన్ని ప్రచురించింది. ఆ సన్నని అలజడి, అరకొరగా పనిచేస్తున్న నరాలకు బలహీనమైన స్పర్శను కూడా పట్టుకునే సాయం చేసింది, వృద్ధుల ఊగిసలాట తగ్గింది. అయితే నరం కొంతైనా బతికుండాలి. పది గ్రాముల పోగు ఎక్కడా తగలనివారికి ఈ అట్టల వల్ల పెద్దగా ఒరిగేదేమీ ఉండదు.

ఇప్పుడు ఈ వ్యవహారమంతటిలో ఎవరూ ప్రస్తావించని విషయం. బూటులో పెట్టే పరికరాన్ని, ఇంట్లో కూడా బూట్లతో తిరిగే దేశాలవారు తయారుచేశారు. మనం గుమ్మం బయటే చెప్పులు విడుస్తాం. రాత్రి రెండింటికి బాత్రూముకు వెళ్లేటప్పుడు, తడి గచ్చు మీద, పూజగదిలో, వంటింట్లో కాలికి ఏమీ ఉండదు. మన పెద్దలు జారి తుంటి ఎముక విరగ్గొట్టుకునే చోట్లు సరిగ్గా ఇవే. లక్షలు పోసి కొన్న బూటు ఆ సమయంలో గుమ్మం బయట ఉంటుంది. షుగర్ వల్ల స్పర్శ పోయిన కాలికి ఇంట్లోనూ చెప్పులుండాలని డాక్టర్లు ఎప్పటినుంచో చెబుతున్నారు. ఇంట్లో మాత్రమే తొడిగే వేరే జత, వెనక పట్టీ ఉన్నది, అలవాటు చేయాలి. ఆ జతలో మెత్తటి ఎంసీఆర్ రబ్బరు అడుగు వేస్తారు. గాయాలు కాకుండా ఉండటానికి అది అవసరమే. కానీ మెత్తటి ఎంసీఆర్ కంపనాన్ని మింగేస్తుంది, ఒత్తిడిని చుట్టూ పరిచేస్తుంది. కాబట్టి దానిలోపల మోటారు పెట్టకూడదు. సెన్సర్‌ను ఎంసీఆర్‌కు కింద, గట్టి అడుగు పొరకు పైన అమర్చి, మోటార్లను కాలి పట్టీలో ఉంచాలి. సెన్సర్ అంచు, తీగ ముడి పాదానికి తగలకూడదు. స్పర్శ లేని కాలికి ఒక చిన్న గుబ్బ చాలు, రెండు రోజుల్లో పుండవుతుంది. కొత్త చెప్పు, కొత్త అట్ట ఏదైనా మొదటి రోజు అరగంటే తొడగాలి. తీశాక అరికాలిని అద్దంలో చూసుకోవాలి. ఎర్రమచ్చ కనిపించి చాలాసేపటికీ పోకపోతే ఆ అమరిక మార్చాలి.

బెల్టుకు ఈ ఇబ్బంది లేదు, ఉత్తకాళ్లతోనూ పనిచేస్తుంది. దానికి వేరే చిక్కులున్నాయి. చీర కుచ్చిళ్లు బొడ్డు దగ్గర ఆరేడు మడతలుగా ఉంటాయి. మోటారుకూ ఒంటికీ మధ్య ఆ మడతలు వస్తే ముందువైపు కంపనం తెలియదు, వెనకవైపుది మాత్రమే తెలుస్తుంది. అప్పుడు మనిషి ఎప్పుడూ వెనక్కి ఒరుగుతున్నట్టు భ్రమపడుతుంది. బెల్టును లంగా బొందుకు పైన, పల్చటి నూలుబట్ట మీదే కట్టాలి. లుంగీ, పంచె కట్టేవారు ముడికి పైన కట్టుకోవాలి. నడుస్తుంటే బెల్టు నెమ్మదిగా పక్కకు తిరుగుతుంది. నాలుగు వేళ్ల మేర తిరిగితే ముందు మోటారు పక్క మోటారు అయిపోయినట్టే, దిక్కు తప్పు చెబుతుంది. అందుకని బొడ్డుకు ఎదురుగా వచ్చే చోట రంగుదారంతో ఒక కుట్టు వేసి, గంటకోసారి తడిమి చూసుకోవాలి. ఎండాకాలం చెమటకు పట్టీ జారుతుంది. లోపలి గుడ్డ విడదీసి ఉతికేట్టు ఉండాలి.

వంగినప్పుడల్లా మోగడం ఇంకో బాధ. ముగ్గు పెట్టేటప్పుడు, నేల మీద కూర్చునేటప్పుడు, ఇండియన్ టాయిలెట్ వాడేటప్పుడు ఒళ్లు ముందుకు బాగా వంగుతుంది. బెల్టు దాన్ని పడిపోవడం అనుకుంటుంది. చేతికి సులువుగా అందే ‘ఆపు’ మీట ఉండాలి, మళ్లీ నిలబడగానే తనంతట తాను మొదలవ్వాలి. మీట నొక్కి మరిచిపోతే ఆ పూట బెల్టు ఉన్నా లేనట్టే.

ఇంజినీరింగ్ కాలేజీల్లో చివరి ఏడాది ప్రాజెక్టుగా ఇలాంటివి చేస్తున్న పిల్లలు చాలామంది ఉన్నారు. వారి శ్రమ అక్కరకు రావాలన్న కోరికతో కొన్ని సూక్ష్మాలు రాస్తున్నాం. ఒత్తిడికి సాధారణంగా వాడే ఎఫ్‌ఎస్‌ఆర్ 402 సెన్సర్ పలచటి బిళ్ల. అది ఒకటి రెండు కిలోల ఒత్తిడి వరకే తేడా బాగా చూపుతుంది. 60 కిలోల మనిషి ఒంటికాలి మీద నిలబడితే మడమ కింద ఆ చిన్నచోటే దాని హద్దు దాటిపోతుంది. కనుక దానితో ‘ఎన్ని కిలోలు’ అని కొలవకండి, ‘మడమ ఆనిందా లేదా’ అన్నంతవరకే నమ్మండి. అదీ వాడేకొద్దీ జారుతుంది కాబట్టి రోజూ మొదట ఒకసారి కాలు ఎత్తించి, ఆనించి, హద్దు మళ్లీ నిర్ణయించుకునేట్టు ప్రోగ్రాం రాయండి. సెన్సర్ చెడేది ఎక్కువగా తోక (కనెక్షన్లు వచ్చే సన్నటి పట్టీ) దగ్గర, అది వేళ్ల వంపులోకి వచ్చినప్పుడు. తోకను అరికాలి గుంట వైపు మళ్లించండి.

నాణెం ఆకారపు మోటారు 10 మిల్లీమీటర్ల వ్యాసంది, మూడు వోల్టులకు నిమిషానికి సుమారు 12,000 చుట్లు, అంటే 200 హెర్ట్జ్ దగ్గర తిరుగుతుంది. మన చర్మంలోని కంపన గ్రాహకాలు బాగా పట్టేది 200 నుంచి 300 హెర్ట్జ్ మధ్యే, కాబట్టి ఎంపిక మంచిదే. కానీ వేగం పుంజుకోవడానికి దానికి 50 నుంచి 100 మిల్లీసెకన్లు పడుతుంది. తక్కువ వోల్టేజీ ఇస్తే బలమూ తగ్గుతుంది, వేగమూ తగ్గుతుంది. అందుకని ‘కొంచెం వంపుకు కొంచెం కంపనం’ అన్న లెక్క వృద్ధుల చర్మానికి అందదు. మోగడం, మోగకపోవడం అన్న రెండే స్థితులు, మరీ అయితే కొట్టుకునే వేగంలో తేడా చాలు. మోటారును కంట్రోలర్ పిన్నుకు నేరుగా కలపొద్దు. మధ్యలో ట్రాన్సిస్టర్, మోటారుకు అడ్డంగా డయోడ్ ఉండాలి. లేకపోతే బోర్డు తరచు తనంతట తాను రీసెట్ అవుతుంది, కారణం దొరక్క వారాలు పోతాయి. తీగ తెగేది ఎప్పుడూ సోల్డరు చుక్క పక్కనే. అక్కడ సిలికాన్ పూసి, తీగను ఒక వంపు తిప్పి కుట్టండి. నడుము చుట్టుకొలత 90 సెంటీమీటర్లయితే 8 మోటార్లకు మధ్య 11 సెంటీమీటర్ల చొప్పున వస్తుంది, దిక్కు గుర్తించడానికి అది సరిపోతుంది.

వంపు కొలవడానికి ఎంపీయూ 6050 లాంటి చవక చిప్ చాలు, అయితే అందులోని రెండు కొలతల్ని కలిపి వాడాలి. ఆక్సిలరోమీటర్ (కుదుపును, వంపును కొలిచేది) ఒక్కదాన్నే నమ్మితే మడమ నేలను తాకిన ప్రతిసారీ ఒళ్లు ఒరిగినట్టు చూపుతుంది. జైరో (తిరిగే వేగాన్ని కొలిచేది) ఒక్కదాన్నే నమ్మితే కొన్ని నిమిషాల్లో సున్నా జారిపోతుంది. సెకనుకు 100 కొలతలు తీసుకుని జైరోకు 98 పాళ్లు, ఆక్సిలరోమీటర్‌కు 2 పాళ్లు ఇచ్చే పద్ధతితో మొదలుపెట్టవచ్చు. చిప్‌ను నడుము వెనక, వెన్నెముక అడుగున ఉంచాలి. మౌన మండలం తప్పనిసరి: నిలబడిన మనిషి సహజంగానే కొద్దిగా ఊగుతాడు కాబట్టి ఒకటి రెండు డిగ్రీల లోపు బెల్టు మోగకూడదు. పాదాలు కదపకుండా ముందుకు 8 డిగ్రీలు, వెనక్కి 4 డిగ్రీల వరకే ఆరోగ్యవంతుడు ఒరగగలడు, అందుచేత వెనకవైపు హద్దు ముందువైపు కన్నా దగ్గరగా పెట్టాలి. అన్నివైపులా ఒకే హద్దు పెట్టిన నమూనాలు వెనక్కి పడేవారిని ఆలస్యంగా హెచ్చరిస్తాయి. ఊరికే మోగే బెల్టును మనిషి రెండోరోజు నుంచే పట్టించుకోవడం మానేస్తాడు.

కంపనం చర్మానికి తగిలి, మెదడు గ్రహించి, కాలు కదిలేసరికి సెకనులో నాలుగో వంతు అటూఇటూగా గడుస్తుంది. నెమ్మదిగా ఒరగడాన్ని సరిచేసుకోవడానికి ఆ వ్యవధి చాలు. తడి గచ్చు మీద కాలు జారితే చాలదు. ‘జారిపడకుండా ఆపుతుంది’ అని రాసి ఉన్న ఏ పరికరం ప్రకటననూ నమ్మవద్దు.

శిక్షణ విషయానికొస్తే, గది మూలలో రెండు గోడలకు వీపు పెట్టి, ముందు కుర్చీ వీపు అందేట్టు ఉంచి మొదలుపెట్టాలి. మోగినవైపు గోడ తగిలిందనుకుని దానికి దూరంగా జరగమని చెబితే చాలామందికి వెంటనే అర్థమవుతుంది. ఒక్కసారి ఆ పద్ధతి నేర్పాక ఇంకెవరూ ‘మోగినవైపు జరుగు’ అని చెప్పకూడదు. రోజుకు పదిహేను ఇరవై నిమిషాలు, మొదట కళ్లు తెరిచి, తర్వాత మూసి, తర్వాత నడుస్తూ, ఆఖరున మాట్లాడుతూ నడవాలి. మాట కలపగానే అడుగు తడబడితే ఆ మనిషి ఇంకా కంపనాన్ని ఆలోచించి అర్థం చేసుకుంటున్నాడని లెక్క. అప్పుడే బజారుకు పంపవద్దు.

పార్కిన్సన్స్ ఉన్నవారికి వంపు చెప్పే బెల్టు కన్నా అడుగు వేయడానికి గీతతోనో, లయతోనో సూచన ఇచ్చే పద్ధతులు ఎక్కువ పనికొస్తాయి. గుమ్మం దగ్గర, మలుపులో, ఇరుకు సందులో కాళ్లు నేలకు అతుక్కుపోతాయి. నేల మీద అడ్డగీత కనిపిస్తే అదే మనిషి దాన్ని దాటి నడుస్తాడు. ఇంట్లో దీనికి ఖర్చు ఇన్సులేషన్ టేపు రోలంతే. నేల రంగుకు కొట్టొచ్చినట్టు కనిపించే టేపును, నడిచే దారికి అడ్డంగా, ఆ మనిషి అడుగును బట్టి 40 నుంచి 60 సెంటీమీటర్ల ఎడంతో అంటించాలి. నిలువు గీతలు పనిచేయవు. గుమ్మానికి ముందు రెండు గీతలు, దాటాక రెండు ఉండాలి. టేపు అంచు లేచిందంటే అదే కాలికి తట్టుకుంటుంది, చూస్తూ ఉండాలి. నెదర్లాండ్స్‌లోని ట్వెంటె, రాడ్‌బౌడ్ విశ్వవిద్యాలయాలవారు 2017లో ప్రకటించిన లేజర్ బూట్లు ఇదే గీతను వెంట తీసుకెళ్తాయి. ఒక కాలు నేల మీద ఆనగానే ఆ బూటు రెండో కాలికి ముందు గీత వేస్తుంది. చక్కటి ఆలోచన, కానీ మన మిట్టమధ్యాహ్నపు ఎండలో ఎర్ర లేజర్ గీత కనబడదు.

ఫోనులో మెట్రోనోమ్ (ఒకే లయలో టిక్కు టిక్కుమనే) యాప్ ఉచితంగా దొరుకుతుంది. ఒక నిమిషంలో మామూలుగా వేసే అడుగులు లెక్కపెట్టాలి. కాళ్లు అతుక్కుపోయే లక్షణం లేనివారికి ఆ లెక్క కన్నా పది శాతం ఎక్కువ పెట్టవచ్చు. అతుక్కుపోయేవారికి పది శాతం తగ్గించాలి, వారికి వేగం పెంచితే అడుగులు చిన్నవై ఇంకా అతుక్కుంటాయి. ఈ ఒక్క తేడా తెలియక హాని జరుగుతోంది. చెవి సరిగా వినబడనివారు, సందడిలో తిరిగేవారు మణికట్టు మీద కంపించేది వాడుకోవచ్చు. 153 మందితో ఇళ్లలోనే మూడు వారాలు జరిపి 2007లో ప్రచురించిన రెస్క్యూ అధ్యయనంలో ఇలాంటి లయ సూచనలతో నడక మెరుగుపడింది. శిక్షణ ఆపిన ఆరు వారాలకు ఆ మేలు చాలావరకు తగ్గిపోయింది. అంటే ఇది కోర్సు పూర్తిచేసి మానేసే మందు కాదు, కొనసాగించాల్సిన అలవాటు. ఛాతీ మీద అంటించే కంపన పరికరాలు కూడా వస్తున్నాయి. పేస్‌మేకర్ ఉన్నవారు గుండె డాక్టరును అడక్కుండా వాటిని వాడరాదు.

వీటన్నిటికన్నా చవకైన స్పర్శ పరికరం చేతికర్ర. బరువు మోపడానికే కర్ర అనుకుంటాం. అమెరికాలో జెకా, లాక్‌నర్ అనే పరిశోధకులు 1994లో చూపించిందేమిటంటే, కదలని వస్తువును వేలికొసతో వంద గ్రాముల కన్నా తక్కువ ఒత్తిడితో తాకినా ఒంటి ఊగిసలాట గణనీయంగా తగ్గుతుంది. ఆ ఒత్తిడి మనిషిని మోయలేదు. వేలు మెదడుకు కబురు చెబుతోంది, అంతే. అందుకే నడవాలో, బాత్రూము దారిలో, చేయి ఆనే ఎత్తున గోడకు ఒక పైపు బిగిస్తే కాళ్ల స్పర్శ పోయినవారికి రాత్రిపూట అది వేల రూపాయల బెల్టుకు సాటి. తువ్వాలు ఆరేసే కడ్డీ ఆ పనికి రాదు, మనిషి బరువుకు ఊడొస్తుంది. కర్ర పిడి, చేతులు వేలాడేసి నిలబడినప్పుడు మణికట్టు ముడుత ఎత్తున ఉండాలి. అడుగు రబ్బరు బుడిపె గాడులు అరిగిపోతే మార్చాలి. అది చిన్న ఖర్చే, అయినా అరిగిన బుడిపెలతోనే ఏళ్లు గడుపుతారు.

ఇక ప్రభుత్వాన్ని అడగాల్సినవి. వృద్ధులకు సహాయ పరికరాలిచ్చే రాష్ట్రీయ వయోశ్రీ యోజన 2017లో మన నెల్లూరులోనే మొదలైంది. కర్రలు, వాకర్లు, చక్రాల కుర్చీలు, వినికిడి యంత్రాలు, కళ్లజోళ్లు, పళ్లసెట్లు అందులో ఉన్నాయి. దివ్యాంగుల కోసం ఏడిప్ పథకం ఉంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం పార్కిన్సన్స్‌ను, మల్టిపుల్ స్క్లెరోసిస్‌ను, కుష్ఠు నయమైనవారి వైకల్యాన్ని గుర్తించింది. దేశంలో మధుమేహులు పది కోట్లు దాటారని ఐసీఎంఆర్ సర్వే 2023లో వెల్లడించింది. ఇంతమంది కాళ్లలో స్పర్శ ఉందో లేదో చూసే పది గ్రాముల పోగు, ట్యూనింగ్ ఫోర్క్ ప్రతి పంపిణీ శిబిరంలో ఉండాలి. కర్ర ఇచ్చేముందు ఒక్కొక్కరికి ఐదు నిమిషాల పరీక్ష చేసి ఫలితాన్ని కార్డు మీద రాసివ్వాలి. కంపన బెల్టులు, పట్టీలు కొనాల్సి వస్తే నేరుగా పంచిపెట్టకుండా, జిల్లా ఆసుపత్రి ఫిజియోథెరపీ విభాగం ద్వారా రెండు వారాలు అరువిచ్చి, పనికొచ్చినవారికే ఉంచాలి. పనికొచ్చిందీ లేనిదీ తేల్చడానికి కుర్చీ నుంచి లేచి మూడు మీటర్లు నడిచి, తిరిగొచ్చి కూర్చునే పరీక్ష ఉంది. పరికరంతో ఒకసారి, లేకుండా ఒకసారి సమయం చూస్తే చాలు. పదమూడున్నర సెకన్లు దాటేవారికి పడిపోయే ముప్పు ఎక్కువ. టెండరులో తెలుగు సూచనల పుస్తకం, బ్యాటరీ, పట్టీలు మూడేళ్లపాటు దొరికే హామీ రాయించాలి.

పత్రికలకూ ఒక విన్నపం. నరాలకు జీవం పోస్తాయంటూ గుబ్బలున్న ఆక్యుప్రెషర్ చెప్పులు, అయస్కాంతపు అట్టల ప్రకటనలు పేపర్లలో, టీవీల్లో వస్తున్నాయి. స్పర్శ ఉన్న కాలికి గుబ్బ నొప్పి చెబుతుంది. స్పర్శ లేని షుగర్ కాలికి అది చెప్పకుండానే పుండు చేస్తుంది, ఆ పుండు చివరికి వేలు తీసేదాకా పోవచ్చు. 2020 ఏప్రిల్ 1 నుంచి వైద్య పరికరాలన్నీ మందుల చట్టం పరిధిలోకి వచ్చాయి. జబ్బు నయం చేస్తుందని చెప్పుకునే చెప్పుకు, బెల్టుకు ప్రకటన తీసుకునేముందు మీ ప్రకటనల విభాగం కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ సీడీఎస్‌సీఓ లైసెన్సు లేదా రిజిస్ట్రేషన్ నంబరు అడిగి, ఆ నంబరును ప్రకటనలోనే అచ్చువేయాలని కోరుతున్నాం.

ఇట్లు,
నడక శిక్షణ, సహాయ పరికరాల రంగంలో పనిచేస్తున్న ఫిజియోథెరపిస్టులు, బయోమెడికల్ ఇంజినీర్లు
హైదరాబాద్